మీట నొక్కేది మనమే, నిర్ణయించేది ఎవరు?

చెరువుగట్టు మీద నల్లని గేదె ఒకటి మేస్తోంది. దాని వీపు మీద తెల్లని కొంగ వాలింది. మీ చేతిలో కెమెరా గల ఫోన్ ఉందనుకోండి. మొదట ఫొటో నిండా గేదె నల్లని ఒళ్ళు మాత్రమే ఉండేటట్లు ఒకటి తీశారు. తరువాత ఫొటో నిండా కొంగ తెల్లని రెక్క మాత్రమే ఉండేటట్లు మరొకటి తీశారు. ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. గేదె బూడిద రంగులో ఉంది! కొంగ కూడా దాదాపు అదే బూడిద రంగులో ఉంది!

కెమెరా పాడైందా? లేదు. అది తనకు నేర్పిన పనిని నేర్పినట్లే చేసింది. ఆ నేర్పిన పని ఏమిటో, నేర్పింది ఎవరో తెలుసుకుంటే, నల్లదాన్ని నల్లగా, తెల్లదాన్ని తెల్లగా, మనం చూసినదాన్ని మనం చూసినట్లుగా చూపే దారి దొరుకుతుంది. ఇందుకు మీరు ఎనిమిది, తొమ్మిది, పది తరగతులలో చదివే భౌతికశాస్త్రం చాలు.

"మిగతా పని మాది"

1888లో అమెరికాకు చెందిన జార్జి ఈస్ట్‌మన్ 'కోడక్' అనే పెట్టె కెమెరాను అమ్మకానికి పెట్టాడు. అందులో 100 ఫొటోలకు సరిపడే ఫిల్ము చుట్ట ముందే అమర్చి ఉండేది. ఫిల్ము అయిపోగానే కెమెరా మొత్తాన్ని కార్ఖానాకు పంపితే, వాళ్ళు ఫొటోలు ముద్రించి, కొత్త ఫిల్ము వేసి తిరిగి పంపేవారు. మీట నొక్కడం మీ వంతు, మిగతా పని మాది అన్నది ఆ కంపెనీ ప్రకటనల సారాంశం. అంతవరకు ఫొటో తీయాలంటే గాజుపలకలు, రసాయనాలు, చీకటిగది కావాలి. ఈస్ట్‌మన్ పుణ్యమా అని మామూలు మనుషులు కూడా ఫొటోలు తీయగలిగారు. ఇది చాలా గొప్ప మేలు.

1938లో అదే కంపెనీ, ఎంత కాంతి కావాలో తానే సరిచూసుకునే కెమెరాను తెచ్చింది. 1977లో జపానులో తయారైన కోనికా సి35 ఏఎఫ్ అనే కెమెరాతో దూరాన్ని సరిచూసుకునే పని కూడా యంత్రానికే పోయింది. ఈనాటి ఫోన్ వీటన్నిటినీ రెప్పపాటులో చేసేస్తుంది. ఇలా ఒక్కొక్క పనీ మన చేతినుంచి యంత్రానికి పోయినప్పుడల్లా, ఆ పనితోపాటు ఒక్కొక్క నిర్ణయం కూడా పోయిందన్న సంగతి మనం అంతగా గమనించలేదు.

బిందె, కొళాయి

కెమెరా అంటే మౌలికంగా ఒక చీకటి పెట్టె. ముందువైపు కుంభాకార కటకం, వెనుకవైపు కాంతిని గ్రహించే పలక. పూర్వం ఆ పలక ఫిల్ము. ఇప్పుడు లక్షలాది సూక్ష్మమైన గడులు గల ఎలక్ట్రానిక్ బిళ్ళ. దాన్ని సెన్సర్ అంటారు. ఎదుటి దృశ్యం తలక్రిందులైన నిజప్రతిబింబంగా ఆ పలక మీద పడుతుంది.

పలక మీద ఎంత కాంతి పడాలి? కొళాయి కింద బిందె పెట్టామనుకోండి. బిందె నిండడం రెండు సంగతుల మీద ఆధారపడుతుంది. ఒకటి, కొళాయిని ఎంత విప్పాం. రెండు, ఎంతసేపు విప్పి ఉంచాం. ఎక్కువ విప్పితే త్వరగా నిండుతుంది. తక్కువ విప్పితే ఆలస్యంగా నిండుతుంది. కెమెరాలోనూ అంతే. కటకాల నడుమ పలుచని రేకులతో చేసిన గుండ్రని కంత ఉంటుంది. దీన్ని ఎపర్చర్ అంటారు. మన కంటిపాప లాగా ఇది చిన్నదీ పెద్దదీ అవుతుంది. కాంతిని ఎంతసేపు లోపలికి రానివ్వాలో నిర్ణయించేది షట్టర్. సెన్సర్ ఇచ్చే సంకేతాన్ని ఎంత పెంచి వాడుకోవాలో చెప్పేది ఐ.ఎస్.ఓ. అనే అంకె.

కంత, కాలం, ఐ.ఎస్.ఓ. - ఇవి మూడే పగ్గాలు. ఈ మూడింటినీ ఎన్నో రకాలుగా కలిపి ఒకే వెలుగు గల ఫొటో తీయవచ్చు. కాని ఆ ఫొటోలన్నీ ఒకలా ఉండవు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

యంత్రం దృష్టిలో లోకమంతా బూడిదే

ఇప్పుడు గేదె దగ్గరికి వద్దాం. కెమెరాలోని కాంతిమాపకం ఎదుటి వస్తువులు పరావర్తనం చేసిన కాంతిని కొలుస్తుంది. కాని తన మీదికి తక్కువ కాంతి వస్తే అది దేనివల్ల? వస్తువు నల్లగా ఉండడం వల్లనా, లేక వెలుతురే తక్కువగా ఉండడం వల్లనా? ఉత్త కొలత ఈ రెండింటికీ తేడా చెప్పలేదు. అందుచేత దాన్ని తయారుచేసినవారు ఒక ఊహ చేశారు. మామూలు దృశ్యాలలో తెలుపు, నలుపు, నడిమి రంగులు అన్నీ కలిసి ఉంటాయి. వాటన్నిటి సగటు ఒక నడిమి బూడిద రంగు. కనుక ఏ దృశ్యాన్నైనా ఆ బూడిద రంగు వెలుగుకు సరిచేస్తే చాలు అన్నది ఆ ఊహ. ఫొటోగ్రాఫర్లు ప్రమాణంగా వాడే బూడిద కార్డు తన మీద పడిన కాంతిలో నూటికి 18 పాళ్ళు వెనక్కి పంపుతుంది.

ఇది మంచి ఊహే. వీధి, తోట, బడి ఆవరణ వంటి దృశ్యాలకు చాలావరకు సరిపోతుంది. కాని ఫొటో నిండా గేదె ఒళ్ళే ఉంటే, "అయ్యో, వెలుతురు చాలలేదు" అనుకుని యంత్రం కాంతి పెంచుతుంది. గేదె వెలిసిపోతుంది. ఫొటో నిండా కొంగ రెక్కే ఉంటే, "వెలుతురు మితిమీరింది" అనుకుని తగ్గిస్తుంది. కొంగ మాసిపోతుంది.

మీరే చేసి చూడండి. నల్లని గుడ్డ ఒకటి, తెల్లని కాగితం ఒకటి తీసుకుని, రెండింటినీ ఒకే నీడలో పరచండి. ఫొటో నిండా గుడ్డ ఒక్కటే ఉండేటట్లు ఒకసారి, కాగితం ఒక్కటే ఉండేటట్లు ఒకసారి తీయండి. కొన్ని కొత్త ఫోన్లు ఎదుట ఏముందో పోల్చుకుని ఈ లోపాన్ని కొంత దిద్దుతాయి కాని, చాలావాటిలో రెండు ఫొటోలూ బూడిదవైపే జరుగుతాయి. ఇప్పుడు తెర మీద ఆ వస్తువును తాకండి. చాలా ఫోన్లలో సూర్యుడి బొమ్మ కనిపిస్తుంది. దాన్ని పైకి జరిపితే వెలుగు పెరుగుతుంది, కిందికి జరిపితే తగ్గుతుంది. కాగితం తెల్లగా రావాలంటే పైకి జరపాలి. గుడ్డ నల్లగా రావాలంటే కిందికి జరపాలి. తెల్లదానికి కాంతి పెంచడం, నల్లదానికి తగ్గించడం! వినడానికి వింతగా ఉన్నా, కారణం తెలిసినవారికి వింత లేదు.

పౌర్ణమినాడు చంద్రుణ్ణి ఫోనుతో తీస్తే తెల్లని చుక్కలా, మొహమంతా సున్నం పూసినట్లు వస్తుంది కదా! దానికీ కారణం ఇదే. ఆకాశమంతా నల్లగా ఉంటుంది కనుక సగటు కోసం యంత్రం కాంతిని బాగా పెంచేస్తుంది. చంద్రుడి మీద పడుతున్నది ఎండే అన్న సంగతి దానికి తెలియదు. మనకు తెలుసు! చంద్రుడి నేల తన మీద పడిన ఎండలో నూటికి సుమారు 12 పాళ్ళే వెనక్కి పంపుతుంది. అంటే అది వెన్నముద్ద కాదు, తారురోడ్డు లాంటి ముదురు రంగు నేల. దాన్ని పట్టపగలు ఎండలో ఉన్న వస్తువును తీసినట్లు తీయాలి. చంద్రుణ్ణి తాకి, వెలుగును బాగా తగ్గించి చూడండి. బొమ్మ చిన్నదే అయినా సున్నపు చుక్క పోతుంది.

ఈ జ్ఞానం ఒక పేరు పొందిన ఫొటోను కాపాడింది. 1941లో అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో ఏన్సెల్ ఆడమ్స్ అనే ఫొటోగ్రాఫర్ కారులో పోతూ హెర్నాండెజ్ అనే పల్లె దగ్గర ఆగాడు. తూర్పున చంద్రుడు లేచాడు. పడమట దిగిపోతున్న సూర్యుడి చివరి కిరణాలు శ్మశానంలోని తెల్లని శిలువల మీద పడుతున్నాయి. గబగబా పెద్ద కెమెరాను నిలబెట్టాడు. తీరా చూస్తే కాంతిమాపకం కనిపించలేదు! అయితే చంద్రుడి ప్రకాశం ఎంతో ఆయనకు అంకెలలో గుర్తుంది. దాన్ని బట్టి మనసులోనే లెక్కకట్టి ఒక్క ఫొటో తీశాడు. రెండోది తీయబోయేలోగా శిలువల మీది వెలుగు పోయింది. ఆ ఒక్క ఫొటోయే ప్రపంచ ప్రసిద్ధమైంది. చూడండి, కొలిచే యంత్రం లేనప్పుడు ఆయనను ఆదుకున్నది భౌతికశాస్త్రం.

మొదటి పగ్గం: కాలం

మన దేశంలో ఎన్నో ఊళ్ళలో మగ్గాలున్నాయి. పోచంపల్లిలోనో మంగళగిరిలోనో ఒక నేతకారుడు మగ్గం ముందు కూర్చుని నేస్తున్నాడనుకుందాం. పడుగు దారాల నడుమ నాడె అటూ ఇటూ పరుగెత్తుతోంది. దాన్ని ఎలా చూపాలి?

దీనికి ముందు చిన్న లెక్క. సైకిలు గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోతోందంటే సెకనుకు 5 మీటర్లు పోతున్నట్లు. షట్టర్ సెకనులో 50వ వంతు కాలం తెరుచుకుంటే, ఆలోగా సైకిలు 10 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. ఆ మేరకు ఫొటోలో చెదిరిపోతుంది. 1000వ వంతు కాలమే తెరుచుకుంటే అర సెంటీమీటరే కదులుతుంది. అప్పుడు సైకిలు శిలలా నిలిచిపోతుంది. మీ తరగతిలోని పంకా నిమిషానికి 300 సార్లు తిరిగితే, ఈ రెండు కాలాలలో దాని రెక్క ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో మీరే కట్టండి. 36 డిగ్రీలు, 1.8 డిగ్రీలు వస్తే మీ లెక్క సరి.

ఇప్పుడు నేతకారుడి సంగతి. కాలాన్ని బాగా తగ్గిస్తే నాడె గాలిలో ఆగిపోయినట్లు వస్తుంది. దాని ఆకారం, కొస, దారం స్పష్టంగా తెలుస్తాయి. కాలాన్ని పెంచి, కెమెరాను స్టూలు మీద కదలకుండా ఉంచి తీస్తే, మనిషి నిలకడగా, నాడె ఒక తెల్లని గీతలా వస్తుంది. మొదటిది నాడె రూపం చెప్పింది. రెండోది దాని పరుగు చెప్పింది. ఏది సరి? రెండూ సరే. మీరు చెప్పదలచింది ఏది అన్నదే ప్రశ్న. యంత్రం మాత్రం ఆ ప్రశ్న వేసుకోదు.

ఫొటోగ్రఫీ పుట్టిన తొలినాళ్ళలోనే దీనికి మంచి నిదర్శనం ఉంది. 1838లో ఫ్రాన్సు దేశస్థుడు డాగేర్ పారిస్‌లో రద్దీగా ఉండే ఒక వీధిని పైనుంచి ఫొటో తీశాడు. పలక మీద బొమ్మ పడడానికి కొన్ని నిమిషాలు పట్టేది. అంతసేపట్లో బళ్ళు, గుర్రాలు, మనుషులు అందరూ కదిలిపోయారు. ఫొటోలో వీధి నిర్మానుష్యంగా వచ్చింది. ఒక మూల నిలబడి బూట్లకు పాలిష్ చేయించుకుంటున్న ఒక మనిషి జాడ మాత్రం మిగిలింది. కదలకుండా నిలబడినందుకు ఆ అనామకుడు చరిత్రకెక్కాడు! దీనికి పూర్తి వ్యతిరేకంగా, 1957లో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అనే ఇంజినీరు క్షణంలో మెరిసి మాయమయ్యే ఫ్లాష్ దీపంతో, పడిన పాలచుక్క కిరీటంలా చిందే దృశ్యాన్ని పట్టుకున్నాడు. మన కంటికి ఎన్నడూ అందనిది అది.

రెండో పగ్గం: కంత

కంత పరిమాణాన్ని ఎఫ్/2, ఎఫ్/4, ఎఫ్/8 అంటూ చెబుతారు. ఈ అంకె కటకం నాభ్యంతరాన్ని కంత వ్యాసంతో భాగిస్తే వస్తుంది. నాభ్యంతరం 50 మిల్లీమీటర్లు, కంత వ్యాసం 25 మిల్లీమీటర్లు అయితే అది ఎఫ్/2. వ్యాసం 12.5 మిల్లీమీటర్లు అయితే ఎఫ్/4. అంకె పెరిగితే కంత చిన్నదవుతుందన్నమాట. వృత్త వైశాల్యం వ్యాసార్ధపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కనుక, వ్యాసం సగమైతే కాంతి నాలుగో వంతు అవుతుంది. కాంతి సరిగ్గా సగం కావాలంటే ఎఫ్ అంకెను 2 వర్గమూలంతో, అంటే సుమారు 1.4తో గుణించాలి. కెమెరాల మీద 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అనే విచిత్రమైన వరుస కనిపించడానికి కారణం ఇదే.

కంత చేసే రెండో పని ఇంకా ఆసక్తికరమైనది. ఈ పత్రికను అక్షరాలు మసకబారేదాకా కంటికి దగ్గరగా తెండి. ఇప్పుడు అట్టముక్కకు సూదితో బెజ్జం చేసి, ఆ బెజ్జంలోనుంచి చూడండి. అక్షరాలు తేటగా కనిపిస్తాయి! హ్రస్వదృష్టి గలవారు కళ్ళజోడు తీసేసి, ఈ బెజ్జంలోనుంచి నల్లబల్లను చూసినా అలాగే తేటపడుతుంది. (సూర్యుణ్ణి మాత్రం ఎన్నడూ ఇలా చూడరాదు.)

ఇది ఎందువల్ల? ఒక బిందువునుంచి బయలుదేరిన కాంతి కటకం మీద పడి, శంకువు ఆకారంలో దగ్గరపడి మళ్ళీ ఒక బిందువు అవుతుంది. ఆ బిందువు సరిగ్గా పలక మీదే ఏర్పడితే ప్రతిబింబం తేటగా ఉంటుంది. ముందో వెనుకో ఏర్పడితే పలక మీద బిందువుకు బదులు చిన్న బిళ్ళ పడుతుంది. ఆ బిళ్ళలన్నీ కలిసి మసక అవుతాయి. కంత చిన్నదైతే శంకువు సన్నబడుతుంది. బిళ్ళలు కూడా చిన్నవై, దగ్గరివీ దూరానివీ అన్నీ తేటగా కనిపిస్తాయి. కంత పెద్దదైతే ఒక్క దూరంలో ఉన్నవే తేటగా ఉండి, తక్కినవి మసకబారతాయి.

మళ్ళీ మగ్గం దగ్గరికి పోదాం. కంతను పెద్దది చేసి నేతకారుడి కళ్ళ మీద తేటదనం నిలిపితే, ఆ కళ్ళ శ్రద్ధ తప్ప మరేమీ కనిపించదు. కంతను చిన్నది చేస్తే ముఖం, పడుగు, గోడ మీది దేవుడి పటం, మూలన ఆడుకుంటున్న పాప, అన్నీ కనిపిస్తాయి. మొదటిది ఒక మనిషి కథ. రెండోది ఒక కుటుంబం కథ.

చాలా ఫోన్లలో కంత మార్చడానికి వీలులేదు. వాటి కటకాల నాభ్యంతరం చాలా చిన్నది కనుక దాదాపు అన్నీ తేటగానే వస్తాయి. 'పోర్ట్రెయిట్' అనే అమరికలో వెనుకభాగాన్ని మసక చేసేది కటకం కాదు, ఫోనులోని గణన. జుట్టు అంచులు, కళ్ళజోడు అంచులు పరిశీలించండి. కొన్నిసార్లు లెక్క తప్పిన చోట్లు దొరుకుతాయి.

మూడో పగ్గం: ఐ.ఎస్.ఓ.

మగ్గం ఉన్న గదిలో తరచు వెలుతురు తక్కువ. చిన్న కిటికీ ఒక్కటే. నాడె ఆగినట్లు రావాలంటే కాలం తగ్గించాలి. కాలం తగ్గిస్తే కాంతి చాలదు. అప్పుడు ఐ.ఎస్.ఓ. పెంచాలి. 100 నుంచి 200కు పెంచితే అదే కాంతికి బొమ్మ రెట్టింపు వెలుగుతో వస్తుంది. అయితే ఊరికే రాదు. సభలో చిన్నగా మాట్లాడేవారి గొంతు వినిపించాలని మైకు సెట్టు బాగా పెంచితే గరగర కూడా పెరుగుతుంది కదా! అలాగే తక్కువ కాంతిని పట్టుకుని సంకేతాన్ని పెంచితే ఫొటోలో ఇసుక చల్లినట్లు మచ్చలు తేలతాయి. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలి. ఏది వదులుకోవచ్చో మీరే చెప్పాలి.

ఎండలో ఒక సులువైన సూత్రం ఉంది. మబ్బులేని పగటి ఎండలో ఎఫ్/16 కంత పెట్టుకుని, ఐ.ఎస్.ఓ. ఎంతో సెకనులో అన్నో వంతు కాలం తీసుకుంటే సరిపోతుంది. ఐ.ఎస్.ఓ. 100 అయితే సెకనులో 100వ వంతు. ఏ మాపకమూ అక్కరలేదు. సూర్యుడే మన ప్రమాణం!

రంగుకూ ఒక సగటు

సాయంకాలపు ఎండ ఏటవాలుగా, వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణించి వస్తుంది. దారిలో నీలికాంతి ఎక్కువగా చెదిరిపోయి, ఎరుపు, పసుపు ఎక్కువగా మనకు చేరతాయి. గోడలు బంగారు రంగులో మెరుస్తాయి. దాన్ని చూసి ముచ్చటపడి ఫొటో తీస్తే కొన్నిసార్లు ఆ బంగారం కాస్తా వెలవెలబోతుంది. తెలుపు తెల్లగానే ఉండాలన్న ఊహతో యంత్రం ఆ పసుపును 'దిద్దింది' మరి. రంగుల అమరికను 'ఆటో' నుంచి 'ఎండ'కు మార్చి చూడండి. మీరు చూసిన సాయంకాలం తిరిగి వస్తుంది.

వెలుగును ఇలా మలచుకోవడంలో మన తెలుగు సినిమాకు గొప్ప సంప్రదాయమే ఉంది. 'మాయాబజార్' (1957) నలుపు తెలుపు చిత్రం. అందులోని వెన్నెలను ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ చిత్రానికి ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. తెర మీద రంగు లేకుండానే చూసేవారికి చల్లదనం తోచిందంటే, ఎక్కడ వెలుగు ఉండాలో, ఎక్కడ నీడ ఉండాలో ఒక మనిషి కూర్చుని ఆలోచించాడన్నమాట.

ఎవరి సగటు?

ఇంతవరకు గేదె గురించి, చంద్రుడి గురించి చెప్పుకున్నాం. ఇక మన ముఖాల గురించి.

బడిలో ఫొటో తీసే రోజు వచ్చిందనుకోండి. తెల్లని గోడ, తెల్లని చొక్కాలు, మిట్టమధ్యాహ్నపు ఎండ. తెలుపు ఎక్కువగా ఉంది కనుక యంత్రం కాంతి తగ్గిస్తుంది. చామనఛాయ, నలుపు రంగు గల పిల్లల ముఖాలు చీకటిపడి, కళ్ళు, ముక్కు తెలియకుండా పోతాయి. ఫొటో చూసి ఆ పిల్ల "నేను ఫొటోలో బాగుండను" అనుకుంటుంది. కాదమ్మా! బాగోలేనిది కొలత. ఆమె ముఖాన్ని తాకి, అక్కడి వెలుగును కొలిచి తీస్తే, లేదా అందరినీ చెట్టునీడలో నిలబెట్టి, వెనుక ముదురు రంగు ఉండేటట్లు చూసుకుంటే, అదే కెమెరాతో ఆమె నవ్వు, కళ్ళలోని మెరుపు చక్కగా వస్తాయి.

'సగటు' ఎవరిదన్న ప్రశ్న ఫొటోగ్రఫీ చరిత్రలో పెద్దదే. 1950ల నుంచి కోడక్ కంపెనీ రంగు ఫొటోలు ముద్రించే కేంద్రాలకు ఒక నమూనా కార్డు పంపేది. దాని మీద తెల్లని చర్మం గల ఒక యువతి బొమ్మ ఉండేది. మొదటి నమూనా స్త్రీ పేరును బట్టి వీటిని 'షర్లీ కార్డులు' అనేవారు. ఆమె చర్మం బాగా వస్తే రంగులు సరిగా ఉన్నట్లు లెక్క. నల్లని చర్మం గలవారి ముఖాలు ఎలా వస్తున్నాయన్నది ఆ లెక్కలో లేదు. వేర్వేరు వర్ణాల స్త్రీలు కలిసి ఉన్న కార్డులు 1990లలో గాని రాలేదు. అందులో యంత్రం తప్పేమీ లేదు. ఎవరో మనుషులు, ఎవరినో దృష్టిలో ఉంచుకుని ప్రమాణం పెట్టారు. మిగతా ప్రపంచం ఆ ప్రమాణంలో ఒదగవలసి వచ్చింది.

ఈనాడు కూడా కొన్ని ఫోన్లలో 'బ్యూటీ' అనే అమరిక అడగకుండానే చర్మాన్ని నునుపు చేసి, తెల్లబరుస్తుంది. మీ అమ్మమ్మ ముఖంలోని ముడతలను చెరిపేస్తుంది. ఆ ముడతలు లేకపోతే ఆవిడ మీ అమ్మమ్మేనా? కనుక ముందుగా ఆ అమరికను వెతికి ఆపేయండి. నలుపు నలుపుగా, తేటగా, నిండుగా వచ్చే ఫొటో తీయడం మీరు నేర్చుకోదగిన మొదటి విద్య.

అలాగని ఆటోమేటిక్ చెడ్డదా?

కానే కాదు. పాప తొలి అడుగు వేస్తున్నప్పుడు ఎఫ్ అంకెలు లెక్కపెడుతూ కూర్చుంటే పాప నడక అయిపోతుంది. చీకట్లో అనేక ఫొటోలు తీసి, వాటిని కలిపి ఒకటిగా చేసే పనిని ఫోన్ మనకంటే బాగా చేస్తుంది. సాయం చేసేవాణ్ణి వద్దనడం ఎందుకు? అయితే సాయం చేసేవాడికి ఏం కావాలో చెప్పవలసింది మనం. అందరికీ సరిపడేలా ముందే చేసి ఉంచిన నిర్ణయాన్నే ఆటోమేటిక్ అంటున్నాం. అది మన నిర్ణయంతో కలిసినప్పుడు ఉంచుకుందాం. కలవనప్పుడు మారుద్దాం.

చేసి చూడండి

1. ఒక వస్తువు, పది ఫొటోలు: ఇంట్లోని బిందెనో, సైకిలునో, కుండీలోని తులసినో తీసుకోండి. పది ఫొటోలు తీయండి. ఏ రెండూ ఒకలా ఉండరాదు. కింద కూర్చుని, మీదినుంచి, దగ్గరగా, పొద్దున్న, మధ్యాహ్నం, దీపం వెలుగులో తీయండి. అయిదు తీసేసరికి ఇక ఏముందిలే అనిపిస్తుంది. అసలు చూడడం మొదలయ్యేది అక్కడినుంచే.

2. ఒక్కదాన్నే మార్చండి: ప్రయోగశాలలో ఒక చలరాశిని మార్చి మిగతావాటిని స్థిరంగా ఉంచుతాం కదా! ఇక్కడా అంతే. ఫోనులో 'ప్రో' అనే అమరిక ఉంటే తెరవండి. కొళాయినుంచి పడే నీటిని ఒకే చోటునుంచి సెకనులో 1000వ వంతు, 100వ వంతు, 10వ వంతు కాలాలతో తీయండి. కాలం మారినప్పుడు ఐ.ఎస్.ఓ.తో వెలుగును సరిచేయండి. నీటి రూపం ఎలా మారిందో నోటుపుస్తకంలో రాయండి.

3. కిటికీ పక్కన ముఖం: ఇంట్లో ఒకరిని కిటికీకి వీపు పెట్టి కూర్చోమని ఒకటి, కిటికీవైపు తిరిగి కూర్చోమని ఒకటి, కిటికీ పక్కగా వచ్చేటట్లు కూర్చోమని ఒకటి తీయండి. మూడు ఫొటోలలో ముగ్గురు వేర్వేరు మనుషులు ఉన్నట్లు తోస్తుంది.

4. కెమెరా లేనివారికి: అట్టముక్కలో అగ్గిపెట్టె అంత దీర్ఘచతురస్రం కత్తిరించండి. దాన్ని కంటిముందు పట్టుకుని దగ్గరకూ దూరానికీ జరుపుతూ వీధిని చూడండి. ఫొటోలో ఏది ఉంచాలో, ఏది వదిలేయాలో తేల్చుకునే అభ్యాసానికి ఇంతకంటే మంచి పరికరం లేదు.

ఒక్క నియమం మాత్రం మరువకండి. మనుషులను ఫొటో తీసేముందు వారిని అడగండి. వద్దంటే మానేయండి. తీసినది వారికి చూపండి.

ప్రతి ఫొటోకు ముందు "ఇందులో నేను చూపదలచింది ఫలానాది" అని ఒక వాక్యం మనసులో పూర్తిచేయండి. ఆ వాక్యం పూర్తికాకపోతే మీట నొక్కకండి, మరికాసేపు చూడండి. పూర్తయితే ఏ పగ్గాన్ని ఎటు లాగాలో దానంతట అదే తేలుతుంది. మొదట్లో కొన్ని ఫొటోలు మరీ నల్లగా, కొన్ని మరీ తెల్లగా వస్తాయి. వాటిని చెరిపేయకుండా, పక్కన కారణం రాసి ఉంచుకోండి. నెలరోజుల తరువాత ఆ పుస్తకం తిరగేస్తే, కాంతి గురించిన పాఠం మీ స్వంత దస్తూరీలో కనిపిస్తుంది.